లాక్‌డౌన్‌ను పొడిగించేది ఎవరు? వరంగల్ కార్పొరేషన్ చేతిలో ఉన్నదెంత?

కరోనా రోజుల్లో అమెరికాలో ఉంటున్న పిల్లలు ఫోన్ చేసినప్పుడల్లా ఇక్కడి తల్లిదండ్రులకు ఒక మాట వినిపించేది: "మా సిటీలో ఎమర్జెన్సీ మళ్ళీ పొడిగించారు." హనుమకొండలోనో కాజీపేటలోనో ఫోన్ పట్టుకున్న అమ్మకు వెంటనే టెన్షన్. బయటికి కదలనివ్వరేమో, సరుకులు దొరకవేమో అని. తీరా అడిగితే అక్కడ హోటళ్ళు తెరిచే ఉన్నాయి, ఆఫీసులు నడుస్తూనే ఉన్నాయి. లాస్ ఏంజెలిస్ నగరం 2020 మార్చి 4న ప్రకటించిన స్థానిక ఎమర్జెన్సీ 2023 ఫిబ్రవరి ఆరంభం దాకా అమల్లో ఉంది. మన దగ్గర చివరి లాక్‌డౌన్ 2021 జూన్‌లోనే ఎత్తేశారు.

మరి దాదాపు మూడేళ్ళ పాటు అక్కడ పొడిగించుకుంటూ పోయింది దేన్ని? గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ అలాంటి ప్రకటన ఒక్కటీ ఎందుకు చేయలేదు? చేయాలనుకున్నా చేయగలిగేదా? ఇప్పుడిది పాత ముచ్చట కాదు. విపత్తు నిర్వహణ చట్టాన్ని 2025లో సవరించి, కార్పొరేషన్ ఉన్న నగరాలకు రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక విపత్తు నిర్వహణ సంస్థ పెట్టే వీలు కల్పించారు. రేపు వరదొచ్చినా, ఇంకో జబ్బొచ్చినా మన నగరంలో మాట చెల్లేది ఎవరిదో తెలియాలంటే ముందు పాత లెక్క తెలియాలి.

## ఎమర్జెన్సీ వేరు, ఆంక్షలు వేరు

గందరగోళమంతా ఇక్కడే మొదలవుతుంది. ఎమర్జెన్సీ ప్రకటించడమంటే ప్రభుత్వం తనకు మామూలు రోజుల్లో లేని అధికారాలు తెచ్చుకోవడం. ఆ అధికారాలతో షాపులు మూయించవచ్చు, మూయించకపోనూ వచ్చు. లాస్ ఏంజెలిస్‌లో షాపులు తెరుచుకున్న చాలా కాలం తర్వాత కూడా ఎమర్జెన్సీ కొనసాగడానికి ఒక ముఖ్య కారణం అద్దె ఇళ్ళు. కరోనా వల్ల అద్దె కట్టలేకపోయిన వాళ్ళను ఇల్లు ఖాళీ చేయించకుండా నగరం ఇచ్చిన రక్షణ ఆ ఎమర్జెన్సీతో ముడిపడి ఉంది. అది ముగిస్తే రక్షణా పోతుంది. అందుకే కిరాయిదారులు పొడిగించమన్నారు, ఇంటి యజమానులు ఇక చాలన్నారు. అక్కడి జనం గొడవ పడింది కర్ఫ్యూ గురించి కాదు.

మన దగ్గరా ఇలాంటిదే జరిగింది, కానీ పెద్దగా ఎవరూ గమనించలేదు. 2020 మార్చి 24న విపత్తు నిర్వహణ చట్టం కింద కేంద్రం మొదలుపెట్టిన ఉత్తర్వుల పరంపర 2022 మార్చి 31తో ఆగింది. ఆ రెండేళ్ళలో పెళ్ళిళ్ళు జరిగాయి, బడులు తెరిచారు, మూశారు, మళ్ళీ తెరిచారు. జనం దృష్టిలో లాక్‌డౌన్ ఎప్పుడో పోయింది. చట్టం దృష్టిలో దాని వేరు ఇంకా బతికే ఉంది. మాస్కు పెట్టుకోకపోతే తెలంగాణలో రూ.1000 ఫైన్ వేసింది కూడా ఈ విపత్తు చట్టాన్ని ఆధారం చేసుకునే.

విపత్తు అని ప్రభుత్వం గుర్తించడం వల్ల పౌరుడికి దక్కేవీ ఉంటాయి. కరోనాతో చనిపోయిన వారి కుటుంబాలకు కనీస సాయం ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 2021 జూన్ 30న చెప్పింది కూడా ఈ చట్టంలోని 12వ సెక్షన్ ఆధారంగానే. ఆ తర్వాతే రూ.50,000 సాయం ఖరారైంది, మన వాళ్ళు మీసేవలో దరఖాస్తు చేసుకున్నారు. కోర్టుల్లో కేసు వేసే గడువుల విషయమూ అంతే. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని గడువు లెక్కలోంచి తీసేయాలని సుప్రీంకోర్టు విడతలవారీగా ఆదేశించింది. అదీ పొడిగింపే, దాని వల్ల ఎవరికీ భయం కలగలేదు.

ఇంకో అపోహ కూడా తీర్చుకోవాలి. పెద్దవాళ్ళు ఎమర్జెన్సీ అనగానే 1975 జూన్ 25 నుంచి 1977 మార్చి 21 దాకా నడిచిన కాలాన్ని గుర్తు చేసుకుంటారు. అది రాజ్యాంగంలోని 352వ అధికరణం కింద పెట్టింది. ఇప్పుడా అధికరణం యుద్ధం, బయటి దాడి, సాయుధ తిరుగుబాటు వచ్చినప్పుడే పనికొస్తుంది. పెట్టినా నెలలోపు పార్లమెంటు ఆమోదించాలి, ఆపైన ప్రతి ఆరు నెలలకూ మళ్ళీ ఆమోదం కావాలి. కరోనాకు దాన్ని ఎవరూ వాడలేదు.

## మూడు చట్టాలు, వాటి గడువులు

వరంగల్‌లో కరోనా ఆంక్షలన్నీ మూడు చట్టాల మీద నిలబడ్డాయి.

మొదటిది 1897 నాటి అంటువ్యాధుల చట్టం. బొంబాయిలో ప్లేగు వ్యాపించినప్పుడు బ్రిటిష్ వాళ్ళు హడావుడిగా తెచ్చింది. నాలుగే సెక్షన్లతో పుట్టిన చిన్న చట్టం. మామూలు చట్టాలు సరిపోవనుకుంటే రాష్ట్ర ప్రభుత్వం తాత్కాలిక నిబంధనలు పెట్టవచ్చు అంటుంది. తాత్కాలికం అంటే ఎన్నాళ్ళో మాత్రం చెప్పదు.

రెండోది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని, అందరికీ తెలిసిన 144 సెక్షన్. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో ఇది 163వ సెక్షన్ అయింది. జిల్లాలో మేజిస్ట్రేటు అధికారాలున్న వాళ్ళు, మన దగ్గరైతే పోలీసు కమిషనర్, ఈ ఉత్తర్వు ఇస్తారు. దీనికి స్పష్టమైన హద్దు ఉంది. ఒక ఉత్తర్వు రెండు నెలలకు మించి చెల్లదు. అంతకు మించి కావాలంటే రాష్ట్ర ప్రభుత్వమే పొడిగించాలి, అదీ మరో ఆరు నెలల దాకానే. మార్చి 1న ఉత్తర్వు ఇచ్చారనుకోండి. ఏప్రిల్ చివరికి కమిషనర్ ఇచ్చిన బలం అయిపోతుంది. ప్రభుత్వం పొడిగిస్తే అక్టోబరు చివరి దాకా లాగవచ్చు. అక్కడితో ఆ ఉత్తర్వు కథ ముగిసినట్టే.

మరి పాతది ముగియగానే అదే మాటలతో కొత్త ఉత్తర్వు ఇస్తే? సుప్రీంకోర్టు 2020 జనవరి 10న కశ్మీర్ ఇంటర్నెట్ కేసులో దీని మీద గట్టిగానే చెప్పింది. 144 కింద మళ్ళీ మళ్ళీ ఉత్తర్వులు ఇచ్చుకుంటూ పోవడం అధికార దుర్వినియోగమే అవుతుందని, ఉత్తర్వులను జనానికి అందుబాటులో పెట్టాలని. దేశంలో లాక్‌డౌన్ పడటానికి రెండున్నర నెలల ముందు వచ్చిన తీర్పు ఇది.

మూడోది, అన్నిటికన్నా బలమైనది, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం. కేంద్రం, రాష్ట్రం, జిల్లా అని మూడు అంతస్తుల్లో అధికారం ఇస్తుంది. ఉల్లంఘిస్తే ఏడాది దాకా జైలు, ప్రాణనష్టానికి దారితీస్తే రెండేళ్ళ దాకా. ఇంత బలమున్న చట్టంలో ఆంక్షల ఉత్తర్వు ఎన్ని రోజులు ఉండాలో, ఎన్నిసార్లు పొడిగించవచ్చో, పొడిగించే ముందు ఎవరి ఆమోదం కావాలో రాసి లేదు. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా పెద్ద లోటు ఇదే.

పోల్చి చూడటానికి మళ్ళీ కాలిఫోర్నియా. అక్కడ నగర అధికారి ఎమర్జెన్సీ ప్రకటిస్తే ఏడు రోజుల్లోగా ఎన్నికైన కౌన్సిల్ ఆమోదించాలి, లేదంటే అది చెల్లదు. ఆ తర్వాత కనీసం 60 రోజులకు ఒకసారి, ఇంకా అవసరమా కాదా అని కౌన్సిల్ సమీక్షించాలి. పిల్లలు ఫోన్లో చెప్పిన పొడిగింపుల వెనక ఉన్నవి ఈ సమీక్షలే. సమీక్ష ఉన్నంత మాత్రాన అది నామమాత్రంగా జరగదన్న హామీ లేదు. కానీ ఓటేసిన వాళ్ళ పేర్లు రికార్డులో ఉంటాయి.

## 2021 మే, జూన్: పొడిగింపు అంటూనే సడలింపు

రెండో వేవ్‌ను దగ్గరగా చూస్తే పొడిగింపు నిజంగా ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. 2021 ఏప్రిల్ 19న తెలంగాణ హైకోర్టు, ఆంక్షల మీద 48 గంటల్లో ఏదో ఒకటి తేల్చమని ప్రభుత్వానికి చెప్పింది. మరునాడే రాత్రి 9 నుంచి ఉదయం 5 దాకా కర్ఫ్యూ వచ్చింది. ఆ కర్ఫ్యూ నడుస్తుండగానే ఏప్రిల్ 30న వరంగల్ కార్పొరేషన్ ఎన్నికల పోలింగ్ జరిగింది. మే 11న మంత్రివర్గం లాక్‌డౌన్ నిర్ణయం తీసుకుంది.

మే 12 నుంచి పది రోజులు. ఉదయం 6 నుంచి 10 దాకా సడలింపు. గడువు తీరకముందే దాన్ని మే 30 దాకా పొడిగించారు, వేళలు అవే. మే 31 నుంచి జూన్ 9 దాకా మళ్ళీ పొడిగించారు, ఈసారి సడలింపు మధ్యాహ్నం 1 దాకా, ఇళ్ళకు చేరడానికి ఇంకో గంట. జూన్ 10 నుంచి 19 దాకా మూడో పొడిగింపు, సడలింపు సాయంత్రం 5 దాకా, పైన గంట. 19న మొత్తం ఎత్తేశారు.

జేపీఎన్ రోడ్డులో బట్టల షాపు ఉన్న వ్యాపారి ఒకరు ఉన్నారనుకుని లెక్క వేద్దాం. మొదటి 19 రోజులు రోజుకు 4 గంటలు, అంటే 76 గంటలు షాపు తెరవగలడు. తర్వాతి పది రోజులు రోజుకు 7 చొప్పున 70. చివరి పది రోజులు రోజుకు 11 చొప్పున 110. మొత్తం 39 రోజుల్లో 256 గంటలు. మామూలు రోజుల్లో పన్నెండు గంటలు తెరిచే షాపైతే 468 గంటలు ఉండాల్సింది. సగానికి కొంచెం పైన దక్కింది. అందులోనూ చివరి పది రోజుల్లో దక్కిన గంటలు మొదటి 19 రోజుల కన్నా ఎక్కువ.

పేపర్లలో మాత్రం అన్నిసార్లూ హెడ్డింగ్ ఒకటే: లాక్‌డౌన్ పొడిగింపు. మూడోసారి పొడిగించింది తేదీని, తగ్గించింది కట్టడిని. కాబట్టి పొడిగించారు అనే వార్త విన్నప్పుడు తేదీ ఒక్కటే చూస్తే సరిపోదు, లోపలి వేళలు, మినహాయింపులు చూడాలి. ఆ జూన్ సడలింపులు కూడా రాష్ట్రమంతా ఒకేలా రాలేదు. ఖమ్మం, నల్గొండ వైపు కేసులు తగ్గని కొన్ని నియోజకవర్గాలకు పాత వేళలే ఉంచారు. వరంగల్ ఆ జాబితాలో లేదు. ఊరూరికీ తేడా చూపడం సాధ్యమేనని దీన్నిబట్టి తెలుస్తోంది, కాకపోతే ఆ తేడా తేల్చింది హైదరాబాద్.

నాలుగు గంటల సడలింపు మీద అప్పుడే పెద్ద వాదన నడిచింది. ఊరంతా ఆ కాస్త వేళలోనే లక్ష్మీపురం మార్కెట్‌కూ చౌరస్తాకూ వచ్చిపడితే గుంపు పెరగదా, జబ్బు అంటుకోదా అని కొందరు. రోజంతా తెరిస్తే మొత్తం కలయికలు ఇంకా ఎక్కువవుతాయి, ఎంజీఎం ఆసుపత్రిలో ఆక్సిజన్ బెడ్ల కోసం జనం తిరుగుతున్న రోజుల్లో ఆ రిస్కు తీసుకోలేమని ఇంకొందరు. ఇద్దరి మాటలోనూ నిజముంది. గుంపు తగ్గించాలంటే వేళలు పెంచాలి, కలయికలు తగ్గించాలంటే వేళలు తగ్గించాలి. ఈ రెంటి మధ్య తూకం ఏ మార్కెట్ ఎంత ఇరుకో తెలిసినవాళ్ళే సరిగ్గా వేయగలరు.

## ఎన్నికైన వాళ్ళు ఎక్కడున్నారు?

కార్పొరేషన్ పాత పాలకవర్గం గడువు 2021 మార్చిలో ముగిసింది. మే 3న 66 డివిజన్ల ఓట్లు లెక్కించారు, మే 7న మేయర్ ఎన్నిక జరిగింది. రెండో వేవ్ ఊరిని కుదిపేసిన ఏప్రిల్ అంతా వరంగల్‌కు ఎన్నికైన పాలకవర్గమే లేదు. అయినా ఆంక్షలు పెట్టడానికి చట్టపరంగా ఏ అడ్డంకీ రాలేదు. వాళ్ళ సంతకం ఎక్కడా అవసరం లేదు మరి.

విపత్తు చట్టం ప్రకారం జిల్లాలో అధికారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థది. దానికి అధ్యక్షుడు కలెక్టర్. సహ అధ్యక్ష స్థానం ఎన్నికైన ప్రతినిధికి ఇచ్చారు కానీ, జిల్లా పరిషత్ ఉన్న చోట ఆ కుర్చీ జెడ్పీ చైర్‌పర్సన్‌ది. జెడ్పీకి ఓటేసేది పల్లెలు. నగరంలో లక్షల మంది ఎన్నుకున్న పాలకవర్గానికి నాయకత్వం వహించే మేయర్‌కు ఆ బల్ల దగ్గర చట్టం ప్రత్యేకించి చోటు పెట్టలేదు. కార్పొరేషన్ గురించి ఆ చట్టం చెప్పేది ఇంతే: సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి, సామగ్రి సిద్ధంగా ఉంచుకోవాలి, జిల్లా సంస్థ చెప్పినట్టు సహాయ పనులు చేయాలి.

ఇది కాగితం మీద చిన్నగా కనిపించినా పని మాత్రం కొండంత. గల్లీ గల్లీకీ హైపోక్లోరైట్ కొట్టడం, కంటైన్‌మెంట్ వీధుల్లో బారికేడ్ల లోపలికి వెళ్ళి చెత్త ఎత్తడం, అంత్యక్రియలకు ఏర్పాట్లు చూడటం, మరణాలు నమోదు చేయడం, ఇవన్నీ మున్సిపల్ సిబ్బంది నెత్తిన పడ్డవే. 74వ రాజ్యాంగ సవరణ తెచ్చిన 12వ షెడ్యూల్‌లో ప్రజారోగ్యం, పారిశుధ్యం పట్టణ సంస్థలకు అప్పగించదగిన పనులుగా ఉన్నాయి. ఎంత అప్పగించాలో తేల్చేది మాత్రం రాష్ట్రం, ఎందుకంటే ప్రజారోగ్యం రాష్ట్ర జాబితాలోని అంశం. బాధ్యత కిందికి దిగినంతగా అధికారం దిగలేదు.

ఆ ఏప్రిల్‌లో ఉత్తర తెలంగాణ పల్లెలు ఇంకో దారి పట్టాయి. మహారాష్ట్రలో కేసులు విపరీతంగా పెరగడంతో నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ వైపు పలు గ్రామాలు పంచాయతీలో తీర్మానం చేసుకుని స్వచ్ఛంద లాక్‌డౌన్ పెట్టుకున్నాయి. కిరాణా షాపులకు వేళలు పెట్టారు, పొరుగూరి వాళ్ళను పొలిమేరలో ఆపారు. ఊరి పెద్దల మాట మీద అది చాలాచోట్ల నడిచింది. అయితే అది విపత్తు చట్టం కింద ఇచ్చిన ఉత్తర్వు కాదు. ఎవరైనా మొండికేస్తే ఆ తీర్మానం ఒక్కటే చూపి కేసు నిలబెట్టడం కష్టం. పైగా పొలిమేర దాటి మందులకు వెళ్ళాల్సిన మనిషిని ఆపితే, ఆపినవాళ్ళే చట్టం ముందు జవాబు చెప్పుకోవాల్సి రావచ్చు.

## నిర్ణయం నగరానిదా, రాష్ట్రానిదా?

పైనుంచి నిర్ణయించాలనే వాళ్ళ వాదన తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. ఎంజీఎంకు చుట్టుపక్కల జిల్లాలన్నిటి నుంచీ రోగులు వస్తారు. కాజీపేట జంక్షన్ మీదుగా ఉత్తరాదికీ దక్షిణాదికీ రైళ్ళు పోతాయి. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి దిగుతాయి. నగరం ఒక్కటే తలుపు మూసుకుంటే జబ్బు ఆగదు, రైతు మాత్రం ఆగిపోతాడు. డబ్బు, పోలీసులు, ఆక్సిజన్ అన్నీ రాష్ట్రం చేతిలో ఉన్నప్పుడు ఆంక్షల నిర్ణయం ఒక్కటే నగరానికి ఇస్తే ఏం లాభం అన్నది వాళ్ళ ప్రశ్న.

కానీ పైనుంచి గీసిన గీతలు నేల మీద ఎలా ఉంటాయో 2020 మే ఆరంభంలో చూశాం. కేంద్రం ఇచ్చిన జాబితాలో వరంగల్ అర్బన్ జిల్లా రెడ్ జోన్, పక్కనే ఉన్న వరంగల్ రూరల్ గ్రీన్ జోన్. 2021 ఆగస్టులో ఈ జిల్లాల పేర్లు, హద్దులే మారిపోయాయి. జనం బతుకు మాత్రం ఏ రంగునూ చూడలేదు. గ్రీన్‌లో పడుకుని రెడ్‌లో కూలికి వెళ్ళే మనిషికి ఏ నిబంధన వర్తిస్తుందో చెప్పగలిగింది దారిలో ఆపిన కానిస్టేబుల్ ఒక్కడే.

ఎంతకాలం అన్నదాని మీదా రెండు వైపులా న్యాయం ఉంది. పది రోజులకోసారి పొడిగిస్తే ప్రభుత్వం ప్రతిసారీ లెక్కలు చూడక తప్పదు, అవసరం తీరగానే ఆపవచ్చు. కానీ పది రోజులే అన్న ఆశతో ఊళ్ళోనే ఉండిపోయిన వలస కూలీ, గడువు మూడుసార్లు జరిగేసరికి చేతిలో పైసా లేకుండా మిగులుతాడు. నెలకో రెండు నెలలకో ఒకేసారి చెప్తే మనిషి తన బతుకు చూసుకోగలడు, కాకపోతే అనవసరమైన ఆంక్షలు కూడా అన్నాళ్ళూ ఉండిపోతాయి. నాకైతే చిన్న గడువులే మేలనిపిస్తుంది, ప్రతి పొడిగింపుకూ కారణం రాసి బయటపెట్టాలన్న షరతు మీద. కారణం రాయకపోతే చిన్న గడువుకు అర్థం లేదు.

జబ్బు పేరు చెప్పి ఎంత దూరం వెళ్ళవచ్చో కూడా కోర్టు ఒక గీత గీసింది. గుజరాత్ ప్రభుత్వం 2020లో ఫ్యాక్టరీల చట్టంలోని ప్రజా అత్యవసర పరిస్థితి అన్న నిబంధనను చూపి, కార్మికులతో రోజుకు 12 గంటలు పని చేయించుకునేందుకు, అదనపు గంటలకు రెట్టింపు కూలి ఇవ్వనక్కర లేకుండా మినహాయింపు ఇచ్చింది. సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 1న దాన్ని కొట్టేసింది. కరోనా ఎంత తీవ్రమైనదైనా, దేశ భద్రతకు ముప్పు తెచ్చే ఆ అత్యవసర పరిస్థితి కిందికి రాదని చెప్పింది. ఒక చట్టం కింద విపత్తు అయినది ఇంకో చట్టం కింద ఎమర్జెన్సీ కానక్కర లేదు. ప్రతి ఉత్తర్వూ తన చట్టం మీద తానే నిలబడాలి.

## 2025 సవరణతో మారేదేమిటి?

2025 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, రాష్ట్ర రాజధానులకూ మున్సిపల్ కార్పొరేషన్ ఉన్న నగరాలకూ రాష్ట్ర ప్రభుత్వం పట్టణ విపత్తు నిర్వహణ సంస్థలు ఏర్పాటు చేయవచ్చు. ఢిల్లీ, చండీగఢ్‌లకు మినహాయింపు. దీనికి అధ్యక్షుడు మున్సిపల్ కమిషనర్, ఉపాధ్యక్షుడు కలెక్టర్. జిల్లా సంస్థలో కలెక్టర్ కింద ఉండే నగర యంత్రాంగం ఇక్కడ ముందు వరుసలోకి వస్తుంది. 2023 జూలై వానలకు కాలనీలు మునిగి, భద్రకాళి చెరువు కట్ట తెగినప్పుడు నాలాల మ్యాపు, పడవలు, పునరావాస కేంద్రాలు అన్నీ ఒకే చోట నుంచి నడపాల్సిన అవసరం ఎంతుందో ఊరంతా చూసింది. ఆ పనికి ఈ సవరణ నిజంగా ఉపయోగపడుతుంది.

మహమ్మారి ఆంక్షల విషయంలో మాత్రం రెండు సంగతులు గమనించాలి. సంస్థ పెట్టాలా వద్దా అన్నది రాష్ట్రం ఇష్టం. పెట్టినా దాని తలకాయ నియమితుడైన అధికారి, ఎన్నికైన మేయర్ కాదు. ఆంక్షలు పెట్టిన ఇన్ని రోజుల్లోగా కార్పొరేషన్ కౌన్సిల్ ముందు ఉంచాలని గానీ, పొడిగించే ముందు 66 డివిజన్ల ప్రతినిధుల ఓటు తీసుకోవాలని గానీ ఈ సవరణలో ఎక్కడా లేదు. వరంగల్ కౌన్సిల్ తనంతట తాను చర్చ పెట్టుకుని తీర్మానం చేసి పంపితే ఎవరూ కాదనరు, కానీ చదివి జవాబివ్వాల్సిన బాధ్యత కలెక్టర్‌కూ లేదు, ప్రభుత్వానికీ లేదు.